క్వాంటం డాట్‌లలో ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణ – విద్యుద్వాహకత్వం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఎలక్ట్రాన్లు ఒకదానినొకటి వికర్షించుకుంటాయన్నది పాఠశాల స్థాయిలోనే తెలిసే విషయం. అయినా లోహాలలో విద్యుత్ ప్రవాహాన్ని వివరించిన తొలి క్వాంటం సిద్ధాంతాలు ఈ వికర్షణను దాదాపు పక్కన పెట్టాయి. అతి స్వల్ప పరిమాణం గల క్వాంటం డాట్‌లో మాత్రం దాన్ని పక్కన పెట్టడం సాధ్యం కాదు. అక్కడ ఆ వికర్షణే ఒక స్థితిలో ప్రవాహాన్ని అడ్డుకుంటుంది, మరొక స్థితిలో దానికి దారి తెరుస్తుంది. మొదటి ఫలితానికి కూలూమ్ అవరోధమని, రెండవ దానికి కోండో ప్రభావమని పేర్లు. ఈ రెండు భావనలు వేర్వేరు కాలాలలో, వేర్వేరు ప్రయోగశాలలలో పుట్టి, 1988–2000 మధ్యకాలంలో ఒకే పరికరంలో కలిసిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్వాంటం డాట్, కూలూమ్ అవరోధం, కోండో ప్రభావం, వాహకత్వం, స్పిన్, టన్నెలింగ్, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

1927–28 సంవత్సరాలలో సోమర్‌ఫెల్డ్, బ్లాఖ్ లోహాలకు క్వాంటం సిద్ధాంతాన్ని వర్తింపజేశారు. వారి చిత్రంలో ప్రతి ఎలక్ట్రానూ తక్కిన వాటితో నిమిత్తం లేనట్లు సంచరిస్తుంది. ఘన సెంటీమీటరు లోహంలో కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు ఉన్నప్పుడు, వాటి మధ్య వికర్షణను లెక్కలోకి తీసుకోని సిద్ధాంతం అంత చక్కగా ఎలా పనిచేసిందన్న సందేహం చాలాకాలం నిలిచిపోయింది. 1956లో లాండౌ ప్రతిపాదించిన ఫెర్మి ద్రవ సిద్ధాంతం దానికి సమాధానం చెప్పింది. వికర్షణ వలన ఎలక్ట్రాన్ల ప్రభావ ద్రవ్యరాశి వంటి లక్షణాలు మారుతాయి గాని, తక్కువ ఉష్ణోగ్రతల వద్ద వాటి ప్రవర్తన స్వతంత్ర కణాల ప్రవర్తనను పోలే ఉంటుందన్నది ఆ సిద్ధాంత సారం.

ఈ సమాధానం పెద్ద లోహఖండాలకు సరిపోతుంది. ఎలక్ట్రాన్లను కొన్ని వందల నానోమీటర్ల ప్రదేశంలో బంధించినప్పుడు పరిస్థితి మారుతుంది. అటువంటి ప్రదేశానికే క్వాంటం డాట్ అని పేరు. 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన క్వాంటం డాట్‌లు కాంతిని వెలువరించే నానో స్ఫటికాలు. ఈ వ్యాసంలో ప్రస్తావించేవి వాటికి జ్ఞాతులే అయినా, వేరు. ఇవి రెండు వైపులా విద్యుత్ అగ్రాలకు సన్నని అవరోధాల ద్వారా కలిపి, పక్కన ఉన్న గేట్ ఎలక్ట్రోడ్ వోల్టేజితో నియంత్రించే పరికరాలు.

ఈ రంగ చరిత్రను 1980ల చివరి సూక్ష్మ నిర్మాణ సాంకేతికతతో మొదలుపెట్టడం పరిపాటి. సాంకేతికత పాత్ర కాదనలేనిదే. కాని ఆ పరికరాలలో కనిపించిన ఫలితాలను అర్థం చేసుకోవడానికి కావలసిన భావనలు అంతకు దశాబ్దాల ముందే, క్వాంటం డాట్‌తో ఏ సంబంధమూ లేని సమస్యల నుండి పుట్టాయి. ఈ పూర్వ చరిత్రను విడిచిపెడితే 1989 నాటి వివాదంగాని, 1998 నాటి ప్రయోగాల ప్రాధాన్యంగాని బోధపడవు.

2. మొదటి ధార: లోహపు రేణువులు

అతి పలుచని లోహపు పొరల నిరోధం తక్కువ ఉష్ణోగ్రతల వద్ద, తక్కువ వోల్టేజి వద్ద అనూహ్యంగా పెరగడం 20వ శతాబ్దపు నడిమి నాటికి ప్రయోగాలలో కనిపించింది. 1951లో డచ్ శాస్త్రజ్ఞుడు సి.జె. గోర్టర్ దీనికి ఒక వివరణ సూచించారు. అటువంటి పొర అఖండం కాదు, విడివిడి రేణువుల సముదాయం. ఒక రేణువు మీదికి అదనంగా ఒక ఎలక్ట్రాన్ చేరాలంటే అక్కడ అప్పటికే ఉన్న ఆవేశపు వికర్షణను అధిగమించాలి. అందుకు కావలసిన శక్తి ఉష్ణచలనం నుండి గాని, వోల్టేజి నుండి గాని లభించనప్పుడు ప్రవాహం ఆగిపోతుంది. కూలూమ్ అవరోధ భావనకు ఇదే బీజం.

ఈ శక్తి పరిమాణం రేణువు కెపాసిటెన్స్ మీద ఆధారపడుతుంది. కెపాసిటెన్స్ ఒక ఫెమ్టోఫారడ్ ఉంటే, ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గాన్ని దానితో భాగించగా వచ్చే శక్తి సుమారు 0.16 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్. ఉష్ణోగ్రత పరంగా అది 2 కెల్విన్‌ల కన్నా కొద్దిగా తక్కువ. అంటే ఈ ప్రభావం కనిపించాలంటే ద్రవ హీలియం ఉష్ణోగ్రత కన్నా దిగువకు పోవాలి, లేదా రేణువును ఇంకా చిన్నది చేయాలి. గది ఉష్ణోగ్రత వద్ద సాధారణ తీగలో ఒక్క ఎలక్ట్రాన్ వికర్షణ ఎందుకు కంటికి ఆనదో ఈ అంకెలే చెబుతాయి.

1968లో గియేవర్, జెల్లర్, 1969లో లాంబ్, యక్లెవిక్ ఆక్సైడ్ పొరలలో పొదిగిన లోహ రేణువుల గుండా టన్నెలింగ్‌ను కొలిచి గోర్టర్ ఊహకు బలం చేకూర్చారు. అయితే ఆ నమూనాలలో అసంఖ్యాక రేణువులు ఉండేవి. కొలతలో కనిపించినది వాటన్నిటి సగటు మాత్రమే. ఒకే రేణువును ఎంచుకొని, దానిపై ఎలక్ట్రాన్ల సంఖ్యను ఒక్కొక్కటిగా మార్చగల స్థితి అప్పటికి లేదు.

ఆ స్థితికి సైద్ధాంతిక రూపం మాస్కో విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. 1980ల నడుమ ఎవెరిన్, లిఖారెవ్ అతి చిన్న టన్నెల్ సంధులలో ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా దాటే విధానాన్ని గణితపరంగా వివరించారు. ఇందుకు రెండు నిబంధనలు అవసరం. ఆవేశ శక్తి ఉష్ణశక్తి కన్నా బాగా ఎక్కువ ఉండాలి. సంధి నిరోధం, ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గంతో భాగించగా వచ్చే సుమారు 25.8 కిలో ఓమ్‌ల కన్నా ఎక్కువ ఉండాలి. అంతకన్నా తక్కువైతే ఎలక్ట్రాన్ ఇటు ఉన్నదో అటు ఉన్నదో నిశ్చయంగా చెప్పడానికి వీలుండదు, రేణువుపై ఆవేశం పూర్ణసంఖ్యగా నిలవదు. 1987లో బెల్ ప్రయోగశాలలో ఫుల్టన్, డోలన్ అల్యూమినియంతో తయారుచేసిన సూక్ష్మ సంధులలో ఈ ప్రభావాన్ని గేట్ వోల్టేజి ద్వారా నియంత్రించి చూపారు. ఏక ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టర్ చరిత్ర అక్కడి నుండే మొదలవుతుంది.

3. రెండవ ధార: అయస్కాంత మాలిన్యాలు

రెండవ ధార లైడెన్‌లో మొదలైంది. లోహాన్ని చల్లబరిచేకొద్దీ జాలక కంపనాలు తగ్గి నిరోధం తగ్గాలి, చివరకు ఒక స్థిర విలువ వద్ద నిలవాలి. 1934లో డి హాస్, డి బూర్, వాన్ డెన్ బెర్గ్ బంగారం నమూనాలలో దీనికి విరుద్ధమైన ఫలితాన్ని నమోదు చేశారు. కొన్ని కెల్విన్‌ల వద్ద నిరోధం కనిష్ఠానికి చేరి, అంతకన్నా చల్లబరిస్తే మళ్ళీ పెరిగింది. ఇనుము వంటి అయస్కాంత మాలిన్యాలు లేశమాత్రంగా ఉండడమే ఇందుకు కారణమని తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

1961లో ఫిలిప్ ఆండర్సన్ లోహంలోని ఒంటరి మాలిన్య పరమాణువుకు ఒక నమూనా రూపొందించారు. ఆ పరమాణువులోని ఒక శక్తి స్థాయిలో ఒక ఎలక్ట్రాన్ ఉండవచ్చు. రెండవది చేరాలంటే మాత్రం వికర్షణ శక్తిని చెల్లించాలి. ఈ వికర్షణ బలంగా ఉన్నప్పుడు స్థాయిలో ఒకే ఎలక్ట్రాన్ మిగులుతుంది, దాని స్పిన్ వలన పరమాణువుకు అయస్కాంత భ్రామకం సిద్ధిస్తుంది. అంటే ఇక్కడ అయస్కాంతత్వానికి మూలం ఎలక్ట్రాన్ల మధ్య విద్యుత్ వికర్షణే. రెండు ధారలను కలిపే సూత్రం ఈ నమూనాలోనే దాగి ఉంది.

1964లో టోక్యోలో జున్ కోండో ఆ స్పిన్‌కూ వాహక ఎలక్ట్రాన్లకూ మధ్య పరస్పర చర్యను మూడవ స్థాయి వరకు గణించారు. స్పిన్ తారుమారయ్యే ప్రక్రియల వలన, ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ సంవర్గమాన రూపంలో పెరిగే ఒక పదం ఆ గణనలో వెలువడింది. తగ్గుతున్న జాలక నిరోధానికి ఈ పదాన్ని కలిపితే కనిష్ఠం సహజంగా వస్తుంది. అదే సంవత్సరంలో మిరియం సారాచిక్, ఆమె సహచరులు బెల్ ప్రయోగశాలలో మిశ్రలోహాలపై చేసిన కొలతలు, అయస్కాంత భ్రామకం ఉన్నచోటనే కనిష్ఠం కనిపిస్తుందని చూపాయి.

కోండో ఫలితం ఒక చిక్కును తీర్చి మరొక చిక్కును తెచ్చింది. ఉష్ణోగ్రత పరమశూన్యాన్ని సమీపించేకొద్దీ ఆ పదం అనంతం వైపు పోతుంది. వాస్తవంలో అది జరగదు. కోండో సమస్యగా పేరొందిన ఈ ప్రశ్నకు ఆండర్సన్ 1970లో స్కేలింగ్ పద్ధతితో దారి చూపగా, కెనెత్ విల్సన్ 1970ల నడిమి నాటికి సంఖ్యాత్మక పునఃసాధారణీకరణ పద్ధతితో సమాధానం సాధించారు. కోండో ఉష్ణోగ్రత అనే ఒక స్థాయికి దిగువన పరిసర ఎలక్ట్రాన్లు మాలిన్య స్పిన్‌ను కమ్ముకొని, దానితో కలిసి స్పిన్ లేని ఏకస్థితిని ఏర్పరుస్తాయి. 1980లో ఆంద్రె, వీగ్‌మన్ విడివిడిగా దీనికి ఖచ్చితమైన గణిత సాధన ఇచ్చారు. విల్సన్ పద్ధతిని ఆండర్సన్ నమూనాకు విస్తరించిన కృషిలో హెచ్.ఆర్. కృష్ణమూర్తి విల్సన్, విల్కిన్స్‌లతో పాలుపంచుకున్నారు. తరువాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసిన ఆయన 1980లో సహరచయితగా వెలువరించిన దీర్ఘ వ్యాసాలు, అప్పటికి ఇంకా తయారుకాని పరికరాల విశ్లేషణకు ఆధారమయ్యాయి.

4. అర్ధవాహకాలు: 1989 నాటి వివాదం

గాలియం ఆర్సెనైడ్ పొరల సరిహద్దులో ఏర్పడే ద్విపరిమాణ ఎలక్ట్రాన్ పొరను, ఉపరితలంపై గీసిన లోహపు గేట్లతో కోరిన ఆకృతిలోకి మలచడం 1980లలో సాధ్యమైంది. 1988లో డెల్ఫ్ట్–ఫిలిప్స్ బృందం, కేంబ్రిడ్జ్ బృందం వేర్వేరుగా ఒక ఇరుకైన ద్వారం గుండా వాహకత్వం మెట్లు మెట్లుగా మారుతుందని కనుగొన్నాయి. ఒక్కొక్క మెట్టు విలువ, ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గాన్ని ప్లాంక్ స్థిరాంకంతో భాగించి రెండింతలు చేసినంత. అంటే సుమారు 77.5 మైక్రోసీమెన్స్. వాహకత్వమంటే ఎలక్ట్రాన్ తరంగం అవతలికి చేరే సంభావ్యత అని 1957 నుండి లాండౌవర్ చెబుతూ వచ్చిన భావనకు ఇది ప్రత్యక్ష నిదర్శనం. ఈ వివరణలో వికర్షణకు చోటు లేదు. స్వతంత్ర ఎలక్ట్రాన్ చిత్రానికి అది ఉచ్చదశ.

మరుసటి సంవత్సరమే ఆ చిత్రంలో ఇమడని ఫలితం వచ్చింది. 1989లో స్కాట్-థామస్, కాస్ట్‌నర్ తదితరులు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఒక సన్నని సిలికాన్ వాహిక వాహకత్వాన్ని కొలిచారు. గేట్ వోల్టేజిని మారుస్తూ పోతే వాహకత్వం క్రమబద్ధమైన ఆవర్తనంతో ఎగసి పడింది. వాహికలోని ఎలక్ట్రాన్లు సమాన దూరాలలో అమరి ఆవేశ సాంద్రతా తరంగంగా ఏర్పడడమే కారణం కావచ్చునని ఆ బృందం భావించింది. వాన్ హౌటెన్, బేనక్కర్ దీనికి భిన్నమైన వివరణ ప్రతిపాదించారు. మాలిన్యాల వలన వాహికలో ఒక భాగం రెండు వైపులా అవరోధాలతో వేరుపడి చిన్న దీవి వలె మారింది. దానిపైకి ఒక్కొక్క ఎలక్ట్రాన్ చేరినప్పుడల్లా ఒక్కొక్క శిఖరం వస్తుంది. లోహ రేణువులకు తెలిసిన కూలూమ్ అవరోధమే ఇదని వారి వాదం.

వివాదాన్ని తేల్చినది వాదం కాదు, పరికర నిర్మాణం. 1990లో మెయిరావ్, కాస్ట్‌నర్, విండ్ గాలియం ఆర్సెనైడ్‌లో రెండు అవరోధాలను తామే, తెలిసిన దూరంలో ఏర్పరిచారు. ఆవర్తనం ఆ అవరోధాల మధ్య దూరాన్ని అనుసరించి మారింది, ఒక్కొక్క శిఖరం ఒక్కొక్క ఎలక్ట్రాన్‌కు సరిపోయింది. యాదృచ్ఛిక మాలిన్యాలు చేసిన పనిని ఉద్దేశపూర్వకంగా చేయడంతో కారణం బయటపడింది. తొలి వివరణ నిలవకపోయినా తొలి కొలత నిలిచింది. ఆ కొలతను నమ్మి, దాన్ని నియంత్రిత రూపంలో మళ్ళీ సాధించినది అదే సంస్థ కావడం గమనించదగినది.

1991లో బేనక్కర్, మెయిర్–వింగ్రీన్–లీ వేర్వేరుగా ఈ ఆవర్తనాల సిద్ధాంతాన్ని రూపొందించారు. రెండు శిఖరాల మధ్య అంతరం ఆవేశ శక్తి, డాట్‌లోని శక్తి స్థాయిల మధ్య భేదం అనే రెండింటి మొత్తం. స్వతంత్ర ఎలక్ట్రాన్ చిత్రం ప్రకారం ఒకే స్థాయిలో విరుద్ధ స్పిన్‌లతో ఇమిడే రెండు ఎలక్ట్రాన్లు ఒకే వోల్టేజి వద్ద చేరాలి. వికర్షణ వాటిని విడదీసి రెండు శిఖరాలుగా చేస్తుంది. 1996లో తరుచ, కౌవెన్‌హోవెన్ తదితరులు నిలువు క్వాంటం డాట్‌లో ఎలక్ట్రాన్లను సున్నా నుండి లెక్కించి, 2, 6, 12 వద్ద పరమాణు కక్ష్యల వలె నిండిన కవచాలను గుర్తించారు. క్వాంటం డాట్‌కు కృత్రిమ పరమాణువు అన్న పేరు అప్పటికి అలంకారం స్థాయి దాటి అక్షరసత్యమైంది.

5. ధారల సంగమం

కృత్రిమ పరమాణువులో ఎలక్ట్రాన్ల సంఖ్య బేసి అయితే ఒక జతలేని స్పిన్ మిగులుతుంది. రెండు అగ్రాలలోని ఎలక్ట్రాన్ల మధ్య అది ఒంటరి అయస్కాంత మాలిన్యం వలె ఉంటుంది. ఆండర్సన్ నమూనాకు కావలసిన అంగాలన్నీ ఇక్కడ ఉన్నాయి. 1988లో గ్లాజ్‌మన్–రైఖ్, ఎన్‌జి–లీ విడివిడిగా ఈ పోలికను గ్రహించి, క్వాంటం డాట్‌లోనూ కోండో ప్రభావం కనిపించి తీరాలని ప్రతిపాదించారు. అయితే ఫలితం లోహంలో కనిపించే దానికి తలకిందులుగా ఉంటుందని వారు చూపారు.

ఈ తలకిందులకు కారణం జ్యామితిలో ఉంది. లోహంలో ఎలక్ట్రాన్లు మాలిన్యం లేకుండానే సాగిపోగలవు. మాలిన్యం వాటిని దారి మళ్ళిస్తుంది, కోండో అనునాదం ఆ మళ్ళింపును పెంచుతుంది, అందుచేత నిరోధం పెరుగుతుంది. క్వాంటం డాట్ పరికరంలో ఒక అగ్రం నుండి మరొక అగ్రానికి డాట్ గుండా తప్ప వేరే దారి లేదు. ఇక్కడ అదే అనునాదం ఎలక్ట్రాన్‌ను అవతలికి చేర్చే వంతెన అవుతుంది. ఒక ఎలక్ట్రాన్ డాట్‌ను విడిచి, అనిశ్చితత్వ సూత్రం అనుమతించినంత స్వల్పకాలంలో విరుద్ధ స్పిన్ గల మరొకటి దాని చోటుకు వస్తుంది. ఇటువంటి అసంఖ్యాక వినిమయాలు సమన్వయంతో కలిసినప్పుడు ఫెర్మి శక్తి వద్ద ఒక సన్నని అనునాద శిఖరం ఏర్పడుతుంది. కూలూమ్ అవరోధం వలన ప్రవాహం ఉండకూడని లోయలో, ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ప్రవాహం పెరుగుతుంది. రెండు అవరోధాలూ సమానమైతే పరమశూన్యం వద్ద వాహకత్వం 77.5 మైక్రోసీమెన్స్ అనే గరిష్ఠాన్ని చేరాలి.

సూచన వెలువడిన తరువాత ప్రయోగానికి పదేళ్ళు పట్టింది. 1994లో రాల్ఫ్, బుర్మన్ ఒక లోహ సంధిలోని ఏకైక ఆవేశ బంధకం ద్వారా ఈ ప్రభావాన్ని గమనించారు. కాని అందులో శక్తి స్థాయిని కోరినట్లు జరిపే వీలు లేదు. అర్ధవాహక డాట్‌లలో ఉన్న ఇబ్బంది వేరు. కోండో ఉష్ణోగ్రత, డాట్‌కూ అగ్రాలకూ మధ్య సంధాన బలానికి ఆవేశ శక్తితో ఉన్న నిష్పత్తి మీద ఘాతాంక రూపంలో ఆధారపడుతుంది. సంధానం బలహీనమైతే ఆ ఉష్ణోగ్రత ఏ శీతలీకరణ యంత్రానికీ అందనంత తక్కువకు పోతుంది. సంధానాన్ని మరీ పెంచితే డాట్‌పై ఆవేశం పూర్ణసంఖ్యగా నిలవదు. ఈ రెండు హద్దుల మధ్య చోటు దొరకాలంటే ఆవేశ శక్తిని, అంటే డాట్ సూక్ష్మతను పెంచడమొక్కటే మార్గం.

1998లో ఆ మార్గం ఫలించింది. గోల్డ్‌హేబర్-గోర్డన్, కాస్ట్‌నర్ తదితరులు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థల సహకారంతో, ఎలక్ట్రాన్ పొర ఉపరితలానికి అతి సమీపంలో ఉండే నమూనాలను వాడి సుమారు 100 నానోమీటర్ల డాట్‌ను సాధించారు. అదే సంవత్సరం డెల్ఫ్ట్‌లో క్రోనెన్‌వెట్, ఓస్టర్‌కాంప్, కౌవెన్‌హోవెన్, స్టుట్‌గార్ట్‌లో ష్మిడ్, వైస్ తదితరులు ఇటువంటి ఫలితాలనే ప్రచురించారు. మూడు ఆనవాళ్ళు ప్రధానం. చల్లబరిచినప్పుడు ఒకటి విడిచి ఒకటిగా లోయలు పూడుకుపోవడం. సున్నా వోల్టేజి వద్ద వాహకత్వంలో సన్నని శిఖరం కనిపించడం. అయస్కాంత క్షేత్రంలో ఆ శిఖరం రెండుగా చీలడం. ఉష్ణోగ్రతతో వాహకత్వం మారిన తీరు, లోహాలలోని మాలిన్యాల కోసం అభివృద్ధి చేసిన సంఖ్యాత్మక పద్ధతితో గణించిన వక్రరేఖకు సరిపోయింది. 2000లో వాన్ డెర్ వీల్ తదితరులు కొన్ని పదుల మిల్లీకెల్విన్‌లకు దిగువన వాహకత్వం గరిష్ఠ విలువకు చేరడం చూపారు. పూర్తిగా మూతపడవలసిన ద్వారం, వికర్షణ మూలంగానే, పూర్తిగా తెరుచుకుంది.

6. విస్తరణ – మిగిలిన చర్చ

ఆ తరువాత విస్తరణ వేగంగా సాగింది. 2000లో కార్బన్ నానోట్యూబులలో, 2002లో ఏకాణు ట్రాన్సిస్టర్లలో కోండో ప్రభావం కనిపించింది. సరిసంఖ్య ఎలక్ట్రాన్లు ఉన్నప్పుడు కూడా, ఏకస్థితి త్రికస్థితి శక్తులు సమానమైతే అది సంభవమని 2000లో ససాకి తదితరులు నిరూపించారు. కాబట్టి బేసి–సరి నియమం మార్గదర్శకమే గాని నిరపవాదం కాదు. స్పిన్‌ను కమ్ముకునే ఎలక్ట్రాన్ మేఘం విస్తృతిని దశాబ్దాల పాటు ఎవరూ నేరుగా కొలవలేకపోయారు. 2020లో ప్రచురితమైన ప్రయోగంలో అది కొన్ని మైక్రోమీటర్ల మేర వ్యాపించినట్లు తేలింది.

ఒక ప్రశ్న మాత్రం ఏకాభిప్రాయానికి లొంగలేదు. 1988 నాటి మెట్లలో మొదటి దానికి దిగువన, దాదాపు 0.7 వంతు వద్ద ఒక అదనపు అంచె కనిపిస్తుందని 1996లో కేంబ్రిడ్జ్ బృందం నొక్కి చెప్పింది. కోండో ప్రభావమే దీనికి మూలమని 2002లో క్రోనెన్‌వెట్ తదితరులు వాదించారు. 2013లో ఒకే పత్రికా సంచికలో వెలువడిన రెండు వ్యాసాలు రెండు భిన్న వివరణలు ఇచ్చాయి. స్వతంత్ర ఎలక్ట్రాన్ చిత్రానికి అత్యుత్తమ నిదర్శనమని భావించిన ప్రయోగంలోనే వికర్షణ జాడ ఉండడం ఈ చరిత్రలోని విశేషం.

7. ముగింపు

పై చర్చ నుండి మూడు అంశాలు తేలుతాయి.

1) ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను ప్రవాహానికి అడ్డంకిగా మాత్రమే భావించడం సగం సత్యం. ఆవేశ రూపంలో అది మార్గాన్ని మూస్తుంది. జతలేని స్పిన్‌ను మిగల్చడం ద్వారా అదే మార్గాన్ని తెరుస్తుంది. ఏది జరుగుతుందన్నది ఎలక్ట్రాన్ల సంఖ్య, సంధాన బలం, ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి.

2) ఈ రంగం సాంకేతికత నుండి మాత్రమే పుట్టలేదు. లోహపు పొరల నిరోధం, బంగారంలోని మాలిన్యం వంటి చిన్న చిక్కులుగా తోచిన సమస్యలు దానికి భావజాలాన్ని సమకూర్చాయి. 1989 వివాదంలో సరైన వివరణ వేరొక ఉపశాఖలో అప్పటికే సిద్ధంగా ఉంది. తన శాఖ హద్దులు దాటి పూర్వ పరిశోధనను చదవడం పరిశోధకునికి ఎంత అవసరమో ఈ ఉదంతం తెలుపుతుంది.

3) కోండో చేతిలో ఉన్నది అసంఖ్యాక మాలిన్యాల సగటు ఫలితం. క్వాంటం డాట్ ఒకే ఒక స్పిన్‌ను వేరుచేసి, దాని శక్తి స్థాయిని, సంధానాన్ని ఒక గేట్ వోల్టేజితో మార్చే అవకాశం ఇచ్చింది. 1964లో బంగారం నిరోధానికి వివరణగా మొదలైన సిద్ధాంతం, మూడున్నర దశాబ్దాల తరువాత మనిషి తయారుచేసిన పరమాణువులో, పరామితి వెంట పరామితిగా పరీక్షకు నిలిచి నెగ్గింది.